జాతర ఏడాది మంచు ఆటలు

మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది. ఈ మాట మనకు ఒకరు చెప్పే పని లేదు. జాతర ఏడాదిలోనే ఇంకో పెద్ద సందడి కూడా వస్తుంటుంది. దాని పేరు శీతాకాల ఒలింపిక్స్. అంటే చలి దేశాల ఆటల పోటీలు. ఇవి నాలుగేళ్లకు ఒకసారి జరుగుతాయి. 2014, 2018, 2022. ఈ మూడుసార్లూ జాతర, మంచు ఆటలు ఒకే ఏడాది వచ్చాయి. జాతరకు బస్సెక్కి పోతాం. ఈ ఆటలను మాత్రం టీవీలోనే చూడాలి.

"మంచు మాకు తెలవదా?" అని మీరు అడగవచ్చు. తెలుసు. పుష్య మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పొగలా పరుచుకునేది మన మంచు. పొద్దెక్కితే పోతుంది. ఆ దేశాల మంచు వేరు. అది ఆకాశం నుంచి రాలుతుంది. మోకాలి లోతు, నడుము లోతు పేరుకుంటుంది. మన ఏనుమాముల మార్కెట్టులో పత్తి కుప్పలు చూశారు కదా! కొండ మొత్తం అలా పత్తి పరిచినట్టు ఉంటుంది. దాన్ని గట్టిగా అణిస్తే నున్నగా జారుతుంది. ఆ జారుడే ఆట.

ఆడేవాళ్లు కాళ్లకు రెండు పొడవాటి పట్టీలు బిగించుకుంటారు. చేతుల్లో రెండు కర్రలు పట్టుకుంటారు. కొండ మీద నుంచి కిందికి జారుతూ వస్తారు. దీన్ని స్కీయింగ్ అంటారు. ఊరికే జారితే చాలదు. దారి పొడవునా జెండా గుడ్డలు కట్టిన కర్రలు పాతి ఉంటాయి. వాటి మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ రావాలి. ఒక్క చోట దారి తప్పినా ఆట అయిపోయినట్టే. రెండుసార్లు దిగాలి. రెండుసార్లు పట్టిన సమయాన్ని కలుపుతారు. ఎవరికి తక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు.

2022లో ఈ పోటీలు చైనాలో, బీజింగ్ నగరంలో జరిగాయి. నూరు కోట్లు దాటిన మన దేశం నుంచి ఆడింది ఒకే ఒక్కడు. పేరు ఆరిఫ్ ఖాన్. ఊరు కాశ్మీరులో గుల్మార్గ్ దగ్గర. ఫిబ్రవరి 4న మన జెండా పట్టుకుని నడిచిందీ ఆయనే.

కానీ ఆ ప్రారంభాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించలేదు. దానికి ఒక కారణం ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మన సైనికులు 20 మంది చనిపోయారు. అందులో కల్నల్ సంతోష్ బాబు మన పక్క సూర్యాపేట బిడ్డ. ఆ ఘర్షణలో ఉన్న ఒక చైనా అధికారి చేతికి ఈ ఆటల జ్యోతిని ఇచ్చారు. మన ప్రభుత్వానికి అది నచ్చలేదు. ఆరిఫ్ ఏం చేస్తాడు, పాపం! ఆయన ఆడడానికి పోయాడు. ఆ రోజు ఇక్కడ సంతోష్ బాబును తలచుకున్నవాళ్లూ ఉన్నారు, ఆరిఫ్ చేతిలో జెండాను చూడాలనుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ తప్పు కాదు.

ఫిబ్రవరి 13న ఆరిఫ్ ఆడాడు. ఆ కొండ మీద మంచు చాలావరకు మిషన్లతో చేసింది. ఆ రోజు మాత్రం అసలు మంచే కురిసింది. ఎదురుగా ఉన్నది సరిగా కనిపించలేదు. చాలామంది మధ్యలోనే పడిపోయారు, లేదా దారి తప్పారు. స్విట్జర్లాండ్ ఆటగాడు ఒడెర్మాట్ గెలిచాడు. టీవీలో ఆయన పేరు పక్కన 2:09.35 అని పడింది. మొదటి 2 నిమిషాలు. తర్వాతి 09 సెకన్లు. చుక్క తర్వాతి 35 ఏమిటి? ఒక సెకనును నూరు ముక్కలు చేస్తే అందులో 35 ముక్కలు. ఆరిఫ్ పేరు పక్కన 2:47.24 అని ఉంది. ఆయనకు 45వ స్థానం వచ్చింది.

"గింతేనా!" అని పెదవి విరవకండి. చివరిదాకా నిలబడి దిగాడు. మూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 16న, ఇంకా ఇరుకు మలుపుల పోటీ జరిగింది. అందులో ఆయన చివరిదాకా రాలేకపోయాడు. ఆ రోజే మేడారంలో సారలమ్మ గద్దెకు వచ్చింది. మనవాళ్లెవరూ టీవీ ముందు లేరు!

ఆరిఫ్‌కు ముందు శివ కేశవన్ ఉన్నాడు. ఊరు మనాలి. చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు పెట్టి మంచు కాలువలో దూసుకుపోవడం ఆయన ఆట. దాన్ని ల్యూజ్ అంటారు. మన దేశంలో అలాంటి కాలువ లేదు. అందుకని బండికి చక్రాలు బిగించుకున్నాడు. హిమాలయాల ఘాటు రోడ్ల మీద లారీల పక్క నుంచి సాధన చేశాడు. మన పిల్లలు బేరింగుల బండి చేసుకుని వీధిలో తోసుకుంటారు చూడండి, అదే తెలివి. 1998 నుంచి 2018 దాకా ఆరుసార్లు ఒలింపిక్స్‌కు పోయాడు.

ఆడవాళ్లు లేరా? ఉన్నారు. 1988లో కెనడాలో జరిగిన ఆటలకు శైలజా కుమార్ పోయింది. మంచు ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారత స్త్రీ ఆమే. 28వ స్థానం వచ్చింది. 2018 జనవరిలో మనాలి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ టర్కీలో ఒక పోటీలో కంచు పతకం తెచ్చింది. స్కీయింగ్‌లో విదేశీ గడ్డ మీద మన దేశానికి వచ్చిన మొదటి పతకం అది.

ఈసారి ఆటలు వచ్చినప్పుడు టీవీ తెర మీద అంకెలు చూడండి. మన దేశం పేరు ఇంగ్లీషులో మూడే అక్షరాలు: ఐ, ఎన్, డి. మీ పిల్లల చేత ఒకసారి రాయించుకోండి. తర్వాత మీరే గుర్తు పడతారు.

లెక్క చేయండి:

గెలిచినవాడికీ ఆరిఫ్‌కూ తేడా ఎంత? రెండు సమయాల్లోనూ 2 నిమిషాలు తీసేయండి. ఇక 47.24 లో నుంచి 9.35 తీసివేయాలి. పలక మీద చేసి చూడండి. 37.89 సెకన్లు వస్తే మీ లెక్క సరి.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి:

ఆరిఫ్ జెండా పట్టుకుని నడవడాన్ని మీరైతే టీవీలో చూసేవారా, చూడకపోయేవారా? ఎందుకు?