మామిడి గట్టుకు ఏ సరుగుడు?

నూజివీడు ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి ఒక్క గంట వీస్తే చాలు, కోతకొచ్చిన రసాలు, బంగినపల్లి నేల రాలతాయి. రాలిన కాయకు ధర ఉండదు. అందుకే గాలి వచ్చే వైపు గట్టున సరుగుడు వేసుకుంటారు. ఇప్పుడు నర్సరీల్లో రెండు జాతుల సరుగుడు దొరుకుతోంది. ఏది తెచ్చుకోవాలో మొక్క కొనకముందే తేల్చుకోండి.

సరుగుడును పైన్ చెట్ల జాతి అనుకునేవారున్నారు. చూపుకు అలాగే ఉన్నా ఇది పూలు పూసే చెట్టే. మనం సూదాకు అనుకునేది సన్నటి కొమ్మ. కణుపు దగ్గర లాగితే పుటుక్కున ఊడుతుంది. కణుపు చుట్టూ పళ్లలా కనిపించేవే అసలు ఆకులు. జాతి గుర్తు కూడా అక్కడే. మన పాత సరుగుడు (ఈక్విసెటిఫోలియా) కణుపుకు 6 నుంచి 8 పళ్లు, జంగూనియానాకు 9 నుంచి 11 ఉంటాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టండి. రెండింటినీ కలిపిన సంకర మొక్కలూ వచ్చాయి. వాటికి ఈ లెక్క సరిపోదు కాబట్టి బిల్లు మీద క్లోను పేరు రాయించుకోండి.

పాత సరుగుడు సముద్రపు ఇసుకలో, ఉప్పుగాలికి నిలిచే చెట్టు. నరికితే మోడు సరిగా చిగురించదు, మళ్లీ మొక్క నాటాల్సిందే. బెరడు మీద బొబ్బలొచ్చి చెట్టు ఎండిపోయే తెగులు కూడా దీనికే ఎక్కువ. జంగూనియానా ఇండోనేషియా దీవుల చెట్టు. బెట్టకు ఓరుస్తుంది, బొబ్బ తెగులును తట్టుకుంటుంది, నరికితే మోడు నుంచి చిగురిస్తుంది.

మరి జంగూనియానాయే మేలా? అక్కడే చిక్కుంది. దాని వేర్ల నుంచి కూడా పిలకలొస్తాయి. పట్టించుకోకపోతే మామిడి పాదుల్లోకి, పక్క రైతు చేలోకి పాకుతాయి. (గట్టు తగాదాలు మనకు ఇప్పటికే చాలు!) సరుగుడు వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయన్నది నిజమే గానీ, నీటికి మాత్రం మామిడితో పోటీ పడుతుంది.

కాబట్టి జంగూనియానా వేస్తే గట్టుకూ తోటకూ మధ్య మూడడుగుల లోతున కందకం తవ్వి, ఏటా వేర్లు నరికి శుభ్రం చేయాలి. ఆ కూలి ఖర్చు భరించలేని ఎకరం, రెండెకరాల రైతుకు పాత సరుగుడే నయమని మా అభిప్రాయం. దానికీ కందకం ఉంటే మంచిదే.

ఏదైనా రెండు వరుసలుగా, మొక్కకు మొక్క ఎదురు రాకుండా నాటండి. కలపకు కోసేటప్పుడు ఒక వరుస కోసి, అది మళ్లీ ఎదిగాకే రెండోది కోయండి. రాలిన ఎండు సూదులు త్వరగా కుళ్లవు, వేసవిలో నిప్పురవ్వ పడితే అంటుకుంటాయి. మార్చి లోపే ఊడ్చి ఎత్తేయండి.