ఇగం పెట్టే ఊళ్లలో కొత్తగా దిగిన మనోళ్లకు

సూర్యాపేటలో డిసెంబరు తెల్లారుజామున 14 డిగ్రీలైతే చాలు, మంకీ క్యాపు పెట్టుకుని ఛాయ్ బండి చుట్టూ చేరతాం. కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ అంతే. మనం చిన్నప్పటి నుంచి నేర్చిందల్లా ఎండ సంగతి: నెత్తికి తువ్వాల, చేతిలో మజ్జిగ, నడిమధ్యాహ్నం గడప దాటకపోవడం. ఇక్కడి చలినీ అట్లాగే వడదెబ్బ లెక్కన చూడండి.

ముందు ఫోను సంగతి. చికాగోలో నా మొదటి చలికాలం, ఫోనులో 20 అని చూసి, తలస్నానం చేసి, ఒక్క స్వెట్టరేసుకుని బస్సుకు పోయిన. అది ఫారన్‌హీట్ లెక్క, మన లెక్కలో మైనస్ 7! స్టాపు చేరేసరికి తడి జుట్టు చీపురుపుల్లల్లా బిర్రబిగుసుకుంది.

హైదరాబాద్‌లో కొన్న జాకెట్‌ను నమ్ముకోకండి, ఇక్కడే కొనండి. లోపల థర్మల్, మధ్యన ఉన్ని, పైన గాలి చొరని కోటు. కాటన్ చెమట తాగి ఒంటినే చల్లబరుస్తుంది.

ధ్రువం దగ్గర తిరిగే చలిగాలి కట్టు తప్పి కిందికి దిగితే వాతావరణం ఒక్క రాత్రిలో మారిపోతుంది. 2019 జనవరి 30న చికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 31 నమోదైంది. ఈదురుగాలితో ఒంటికి తగిలిన చలి మైనస్ 46 దాటింది. అట్లాంటప్పుడు విప్పి ఉంచిన వేళ్లు, చెవులు పది నిమిషాల్లో దెబ్బతింటాయి. వేలు తెల్లబడి తిమ్మిరెక్కితే రుద్దొద్దు, స్టవ్ మీద కాచొద్దు. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, డాక్టరు దగ్గరికి పోండి.

గడ్డకట్టిన చెరువు మీద కాలు పెట్టకండి. 2022 డిసెంబరు 26న అరిజోనాలో అట్లా నడిచి, మంచు పగిలి ముగ్గురు భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన తెలుగువాళ్లున్నారు.

"మేం డాలస్‌కు, అక్కడంతా మన ఎండలేగా" అనేవాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ భయం. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19. టెక్సస్‌లో 45 లక్షల ఇళ్లకు, షాపులకు కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు. అందులో కొందరిని చంపింది చలి కాదు, కార్బన్ మోనాక్సైడ్. వెచ్చదనం కోసం జనం ఇంట్లో బొగ్గులు రాజేశారు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్నారు. మనకూ చలి అనగానే చలిమంటే గుర్తొస్తుంది. వాకిట్లో వేస్తే పొగ పైకి పోతుంది. ఇక్కడి ఇళ్లు గాలి దూరకుండా బిగించినవి, ఆ వాయువుకేమో రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు.

చలి ముదిరిన రాత్రి నల్లాను దారమంత సన్నగా వదిలి పడుకోండి, పైపు పగలకుండా. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే అడిగి పెట్టుకోండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రూములో సామాను దించిన రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. లేకుంటే ఓనరును అడగండి. ఆయన నాన్చితే మీరే కొనుక్కోండి, రెండు పిజ్జాల ఖరీదు.