కంప్యూటర్ లెక్క – మన మందుబిళ్ళ



“ఇప్పుడు కంప్యూటరే మందులు కనిపెడుతోందట గదా, ఇంకా ఈ పాత బిళ్ళలెందుకమ్మా?” అని కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. అందుకే ఈ పాఠం.

మందు ఎలా పనిచేస్తుంది?
క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్ మీకు తెలుసు. మూత్రాన్ని ఎర్రగా మార్చే మందు అదే. దాని అణువు క్షయ క్రిమిలోని ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. దాంతో క్రిమి పెరగలేదు. తాళంలో తాళంచెవి కూర్చున్నట్లు అన్నమాట. అయితే ఇక్కడ తాళమూ, చెవీ రెండూ కదులుతూనే ఉంటాయి.

లెక్క ఎందుకు ఆలస్యం?
ఈ కదలికలను కంప్యూటర్‌లో అడుగడుగునా లెక్కకట్టడాన్ని సిమ్యులేషన్ అంటారు. సెకనులో పది లక్షవ వంతు కదలిక చూడాలంటే సుమారు 100 కోట్ల అడుగులు లెక్కకట్టాలి. ప్రతి అడుగులోనూ ప్రతి పరమాణువుపై ఎంత బలం పడుతుందో తేల్చాలి. ఎంత ఖచ్చితంగా తేల్చాలంటే అంత ఆలస్యం.

చెరకు తోటతో పోలిక
బోధన్ వైపు చెరకు పండించిన కుటుంబాలకు ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రతి గడ రసం తీసి పరీక్షిస్తూ కూర్చుంటే సీజను దాటిపోతుంది. కొన్ని గడలు పరీక్షించి, చెరకు రకం, వయసు చూసి మిగతా తోట పక్వానికి వచ్చిందో లేదో అంచనా వేస్తారు. మెషీన్ లెర్నింగ్ కూడా అంతే. ఖచ్చితంగా లెక్కకట్టిన కొన్ని అణువులను చూసి నేర్చుకుని, మిగతావాటిని త్వరగా అంచనా వేస్తుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్య దేవ ప్రియకుమార్ బృందం 2020లో ‘బాండ్ ఎన్ఎన్’ అనే ఇలాంటి పద్ధతిని ప్రచురించింది. చిన్న అణువుల శక్తిని, స్థిరమైన ఆకారాన్ని అది అంచనా వేస్తుంది.

కాని ఎన్నడూ చూడని చెరకు రకం వస్తే పాత అంచనా తప్పవచ్చు. కంప్యూటర్‌కూ అంతే. అందుకే దాని అంచనాను ప్రయోగశాలలోనూ, జంతువులలోనూ, ఆ తరువాత మనుషులలోనూ దశలవారీగా పరీక్షించాలి. కంప్యూటర్ తొందర చేసేది ముఖ్యంగా మొదటి మెట్టునే.

గుర్తుంచుకోండి
● క్షయ మందులను డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడండి. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు.
● దగ్గు తగ్గిందని మధ్యలో మానితే మందుకు లొంగని క్రిములు మిగిలి పెరగవచ్చు. వాటి ప్రోటీన్ కాస్త మారినా రిఫాంపిసిన్‌కు పట్టు దొరకదు.
● “కంప్యూటర్ కనిపెట్టిన మందు” అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ముందు డాక్టరును అడగండి.

కొత్త మందు వచ్చేదాకా, మీ చేతిలో ఉన్న బిళ్ళే మీకు రక్ష.