పాఠం 9: కనుమ మూతపడక ముందే

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దూర ప్రయాణానికి అడ్డువచ్చే కాలాలను గుర్తించగలుగుతారు.
• చేరవలసిన తేదీ నుంచి బయలుదేరే తేదీని లెక్కకట్టగలుగుతారు.

9.1 పరిచయం

సూరత్ ప్రాంతానికి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరు సూరత్‌కు ఉత్తరాన ఉన్న కిమ్‌లో ఉంటున్నారనీ, అక్కడి నుంచి సైకిలు మీద లడఖ్‌లోని లేహ్‌కు వెళ్ళదలచారనీ అనుకుందాం. కూలి మీద బతికేవారికి నెలన్నర సెలవంటే నెలన్నర కూలి పోయినట్లే. దారి మధ్యలో మంచు కురిస్తే ఆ రోజులన్నీ వృథా అవుతాయి. ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక ఈ ప్రయాణానికి ముహూర్తం కన్నా లెక్క ముఖ్యం.

9.2 మూడు అడ్డంకులు

ఎండ: మే, జూన్ నెలల్లో రాజస్థాన్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది.

వాన: జూలై, ఆగస్టు నెలల్లో హిమాచల్ ప్రదేశ్‌లో కొండచరియలు విరిగిపడతాయి. 2023 జూలైలో బియాస్ నది వరదకు మనాలి రోడ్డు పలుచోట్ల కొట్టుకుపోయింది.

మంచు: మనాలి–లేహ్ రోడ్డు చలికాలంలో మూతపడుతుంది. ఆ తేదీలు ఏటేటా మారతాయి. 2018లో సెప్టెంబరు నాలుగో వారంలోనే లాహౌల్‌లో భారీగా మంచు కురిసి వందలమంది చిక్కుకుపోయారు. వారిలో చాలామందిని హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది.

2020లో అటల్ సొరంగం తెరిచారు కదా అని మీకు సందేహం రావచ్చు. అది తప్పించేది రోహ్తాంగ్ కనుమను మాత్రమే. ఆ తరువాత వచ్చే బారాలాచా (సుమారు 4,890 మీటర్లు), తంగ్‌లాంగ్ లా (5,300 మీటర్లకు పైన) ఎక్కక తప్పదు.

9.3 వెనుక నుంచి లెక్క

2018 అనుభవాన్ని బట్టి సెప్టెంబరు 20ని గడువుగా పెట్టుకుందాం. ఇప్పుడు వెనక్కి లెక్కించండి.

• కిమ్ నుంచి అహ్మదాబాద్, జైపూర్, ఢిల్లీ, చండీగఢ్ మీదుగా మనాలికి సుమారు 1,700 కి.మీ. రోజుకు 80 కి.మీ. చొప్పున 22 రోజులు
• దారిలో విశ్రాంతి 3 రోజులు, మనాలిలో 2 రోజులు
• మనాలి నుంచి లేహ్‌కు 10 రోజులు
• అనుకోని ఆటంకాలకు 10 రోజులు

మొత్తం 47 రోజులు. అంటే ఆగస్టు 5న కిమ్ విడవాలి. సెప్టెంబరు 1న మనాలి దాటాలి.

ఆగస్టులో బయలుదేరితే భరూచ్, వడోదరల దగ్గర వానకు ఆగవలసి రావచ్చు. మైదానంలో ఏదో ఒక ఊళ్ళో తలదాచుకోవచ్చు. కనుమ మీద మంచు పడితే అలాంటి ఊరు దొరకదు. అందుకే వానను భరించి మంచును తప్పించుకుంటున్నాం. కొండల్లో మాత్రం వానలో సాహసం చేయకండి. రోడ్డు తెరిచారని జిల్లా అధికారులు చెప్పేదాకా మండిలోనే ఆగండి. అదనపు 10 రోజులు ఇందుకే.

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా పైకి ఎక్కకండి. తగ్గకపోతే కిందికి దిగండి.

గుర్తుంచుకోండి: సెప్టెంబరు 11 నాటికి మనాలి నుంచి కదలలేకపోతే వెనక్కి తిరగండి. కనుమ వచ్చే ఏడాదీ ఉంటుంది.

9.4 మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. రోజుకు 70 కి.మీ. మాత్రమే తొక్కగలిగితే కిమ్ నుంచి ఏ తేదీన బయలుదేరాలి?
2. సొరంగం ఉన్నా మంచు భయం ఎందుకు పోలేదు?

జవాబులు: 1. మనాలికి 25 రోజులు పడుతుంది. 3 రోజులు ముందుగా, ఆగస్టు 2న బయలుదేరాలి. 2. సొరంగం దాటాక ఇంకా ఎత్తయిన కనుమలు ఉన్నాయి.