కంప్యూటరులోని పియానో: నాదము, స్పర్శ

ఇటీవల మన పాఠశాలకు వచ్చు తలిదండ్రులు నన్ను తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, మా అమ్మాయి పియానో నేర్చుకొందునని పట్టుపట్టుచున్నది. నిజమైన పియానో కొనుటకు మాకు శక్తి లేదు, ఇంటిలో చోటును లేదు. కంప్యూటరులో వేసికొను పియానో యున్నదట గదా, అది చాలునా?" అని. దీనికి ఒక్కమాటతో ఉత్తరము చెప్పుటకు వీలులేదు. ఒకమారు నేనట్లు ఒక్కమాటతో చెప్పి పొరపాటు చేసితిని. ఆ సంగతి తరువాత విన్నవించెదను. ముందుగా పియానో యనగా నేమో తెలిసికొనవలెను.

మనలో పెక్కుమందికి చిన్ననాటినుండి తెలిసిన మెట్ల వాద్యము హార్మోనియము. పద్యనాటకములు చూచినవారికిని, భజనలో కూర్చున్నవారికిని దాని స్వభావము విశదమే. హార్మోనియము మెట్టును మెల్లగా నొక్కినను, గట్టిగా కొట్టినను నాదమున భేదము లేదు. నాదమును పెంచుట, తగ్గించుట తిత్తి నూదు చేతి పని. పియానోకు తిత్తి లేదు. మెట్టు నొక్కు వ్రేలే నాదము యొక్క హెచ్చుతగ్గులను నిర్ణయించును. ఈ యొక్క భేదమును మనసునందుంచుకొనినచో నేను వ్రాయబోవు దంతయు సుబోధమగును.

1700 ప్రాంతమున ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమేయో క్రిస్తోఫోరి యను వాద్యశిల్పి పియానోను నిర్మించెను. అంతకుముందున్న హార్ప్సికార్డు అను వాద్యమున తీగలను చిన్న ములికి మీటెడిది. ఎంత బలముగా నొక్కినను ధ్వని దాదాపు ఒకే తీరుగా నుండెడిది. క్రిస్తోఫోరి ములికిని తీసివేసి సుత్తిని పెట్టెను. మెల్లనిది, గట్టిది అను రెండు ఇటాలియను మాటలు కలిసిన 'పియానోఫోర్తె' అను పేరు ఆ కారణముచేతనే వచ్చినది. ఆయన చేసిన పియానోలలో 1720, 1722, 1726 సంవత్సరములకు చెందిన మూడు మాత్రము నేడు న్యూయార్కు, రోము, లైప్జిగ్ నగరముల ప్రదర్శనశాలలలో మిగిలియున్నవి.

నేటి పియానోకు మెట్లు 88. తెల్లవి 52, నల్లవి 36. తీగలు మాత్రము సుమారు 230. మంద్రమున కొన్ని మెట్లకు ఒక్కొక్క తీగయు, పిమ్మట రెండేసియు, మధ్యమునుండి పైకి మూడేసియు నుండును. మెట్టు నొక్కినపుడు సుత్తి తీగవైపునకు విసరబడును. తగులుటకు రవ్వంత ముందే మెట్టుతో దాని సంబంధము తెగిపోవును. తగిలి వెంటనే వెనుకకు పడును. అనగా సుత్తి విడివడిన తరువాత వ్రేలు చేయగలిగిన దేమియు లేదు. రాయి చేతినుండి జారిన పిదప విసరినవాని యాజ్ఞ దానికెట్లు చెల్లదో, ఇదియు నట్లే. కావున సుత్తి ఎంత వేగముతో తీగను తాకినది, మెట్టును ఎంతసేపటికి విడిచితిమి, పాదముక్రింది పెడలును ఎప్పుడు త్రొక్కితిమి, ఈ మూడింటియందే వాదకుని నేర్పంతయు ఇమిడియున్నది.

సుత్తి తలకు గట్టిగా అదిమిన ఉన్ని తొడుగు ఉండును. మెల్లగా తాకినపుడు ఆ ఉన్ని మెత్తనిదై నాదము గుండ్రముగా పలుకును. వేగముగా తాకినపుడు అదే ఉన్ని అదుముకొని గట్టిపడి, తీగలోని అనుస్వరములను ఎక్కువగా లేపును. తంబూరా మంద్రతంత్రిని మీటినపుడు అంతరగాంధారము తనంత తానుగా వినబడుటను మన గాయకు లెఱుగుదురు; అట్టివే ఈ అనుస్వరములు. ఇందువలన పియానోలో గట్టి నాదమనగా మెల్లని నాదమునే పెద్దది చేసినది కాదు. దాని వర్ణమే వేఱు. ఈ విషయమును మఱచి చేసిన చవుక యంత్రములు ఎన్నియో అంగడులలో నున్నవి. వానిలో ధ్వని పెరుగును గాని రంగు మారదు. వినువానికి కారణము తెలియకున్నను, కొంతసేపటికి విసుగు పుట్టును.

ఇట్టి వాద్యమును కంప్యూటరులోనికి తెచ్చుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ధ్వనిముద్రణము. ఒక మంచి పియానోను నిశ్శబ్దమైన గదిలో నుంచి, ప్రతి మెట్టును మెల్లగా మొదలిడి గట్టిగా కొట్టువఱకు పలు స్థాయిలలో మ్రోగించి, ఆ ధ్వనులన్నింటిని నిలువ చేయుదురు. మనము మెట్టు నొక్కినపుడు ఆ వేగమునకు తగిన ముద్రణమును కంప్యూటరు ఎన్నుకొని వినిపించును. ఇందలి శ్రమ ఎంతటిదో 8వ తరగతి విద్యార్థియు లెక్క కట్టవచ్చును. 88 మెట్లు, మెట్టునకు 10 స్థాయిలు, ఒక్కొక్క ధ్వని 20 సెకనులు అనుకొందము. మొత్తము 880 ముద్రణములు, 17,600 సెకనులు, అనగా దాదాపు 5 గంటల ధ్వని. కాంపాక్టు డిస్కు నాణ్యతలో సెకనునకు 1,76,400 బైట్లు పట్టును గనుక ఈ యొక్క పియానో 3 గిగాబైట్లకు మించును. మైకులను పలుచోట్ల నుంచి ముద్రించినచో ఇంకను ఎన్నో రెట్లగును. ఉచితముగా లభించు 'సాలమాండర్' అను పియానో ఈ మార్గమున చేసినదే. అందు యమాహా సీ5 అను పియానోను 16 స్థాయిలలో ముద్రించిరి. అయితే ప్రతి మెట్టును గాక మూడు మెట్లకు ఒకటి చొప్పున ముద్రించి, నడిమి మెట్ల శ్రుతిని కంప్యూటరుచేత సవరించిరి. డబ్బు పెట్టలేని పిల్లలకు ఇది గొప్ప వరము.

ఈ మార్గములోని లోపము ముద్రణములోనే యున్నది. పటము ఎంత చక్కనిదైనను పటమే. ఒకే మెట్టును ఒకే వేగముతో నాలుగుమార్లు కొట్టినచో అదే ముద్రణము నాలుగుమార్లు వచ్చును. నిజమైన తీగ మొదటి దెబ్బకు ఊగుచుండగానే రెండవ దెబ్బ తినును గనుక రెండు ధ్వనులు ఎన్నడును సరిసమానముగా నుండవు. అట్లే ఒక తీగ మ్రోగినపుడు స్వేచ్ఛగా నున్న తక్కిన తీగలును దానితో కలిసి సన్నగా పలుకును. మంచి కంపెనీలు ఈ అనుధ్వనిని విడిగా చేర్చుచున్నవి. చేర్చనివానిలో నాదము పొడిగా నుండును.

రెండవ మార్గము గణితము. ఇందు ముద్రణములను వాడరు. సుత్తి బరువు, ఉన్ని గట్టిదనము, తీగ పొడవు, బిగువు, ధ్వనిఫలకపు కంపనము మున్నగువానిని సమీకరణములుగా వ్రాసి, మెట్టు నొక్కిన క్షణముననే నాదమును లెక్కకట్టి పుట్టింతురు. ఫ్రాన్సు దేశములోని తులూజు నగరమున ఫిలిప్ గియోమ్ అను గణితాచార్యుడు ఇట్లు నిర్మించిన 'పియానోటెక్' 2006లో వెలువడినది. ఆయన మునుపు పియానోలకు శ్రుతి చేయు వృత్తియందుండినవాడు. చెవియు లెక్కయు ఒక్కనియందే కలిసినందున ఈ పని సాధ్యమైనదని నా తలంపు. గిగాబైట్లు అక్కఱలేదు, కొలది మెగాబైట్లలోనే పియానో యంతయు ఇముడును. పాతబడిన కంప్యూటరులో సైతము నడచును.

ఈ రెండింటిలో ఏది మేలు? వాదకులలోనే ఏకాభిప్రాయము లేదు. నా చెవికి తోచినది చెప్పెదను. ప్రక్కగదిలో కూర్చుండి వినువానికి ముద్రించిన పియానో ఎక్కువ ఇంపుగా నుండును. గదియొక్క గాలి, కొయ్యయొక్క వాసన సైతము అందున్నట్లు తోచును. వాయించువానికి మాత్రము లెక్కకట్టిన పియానో వ్రేలి మాట బాగుగా వినునట్లుండును. మెల్లదనమునుండి గట్టిదనమునకు పోవునపుడు మెట్టుమెట్టుగా గాక వాలుగా సాగును. కాని దాని నాదము కొందఱికి లోహపు పలుకుబడిగా తోచుటయు కలదు.

ఇక స్పర్శ. తలిదండ్రులు తఱచుగా ఉపేక్షించునదియు, పిల్లలకు మేలుగాని కీడుగాని చేయునదియు ఇదియే. కంప్యూటరులోని పియానోకు వ్రేళ్లు తగులవు గదా. వ్రేళ్లు తగులునది దానికి తగిలించిన కీబోర్డు. నాలుగైదేండ్ల క్రిందట 7వ తరగతి బాలిక తండ్రి నన్ను అడిగినపుడు నేను, "చాలును, కొనుడు" అంటిని. ఆయన 61 మెట్ల తేలిక కీబోర్డును తెచ్చెను. దానిని కంప్యూటరునకు కలిపి యిచ్చినది నేనే. ఆ పిల్ల ఏడాది పాటు నియమము తప్పక సాధన చేసినది. పరీక్షకు పోయి నిజమైన పియానో ముందు కూర్చున్నపుడు మెల్లగా పలుకవలసిన చోట్ల కొన్ని స్వరములు పలుకనే లేదు. గట్టిగా పలుకవలసిన చోట్ల నాదము లేవలేదు. భావము శూన్యమని పరీక్షకుడు వ్రాసెను. ఆ పిల్ల ఇంటికి వచ్చి, తనకు సంగీతము అబ్బదని యేడ్చి, వారము దినములు కీబోర్డు మూత తీయలేదని తల్లి చెప్పినది.

నేను వారి యింటికి పోయి చూచితిని. కీబోర్డులో స్పర్శను గుర్తించు ఏర్పాటు మొదటినుండియు ఆగియున్నది. ఎట్లు నొక్కినను కంప్యూటరునకు 100 అను ఒకే యంకె పోవుచున్నది. ఏడాది పాటు ఆ పిల్ల మెల్లనిదియు గట్టిదియు అని పుస్తకములో చదివి అట్లే నొక్కినది. చెవికి మాత్రము ఒకే ధ్వని వినబడినది. "నీకు అనుమానము రాలేదా అమ్మా?" అని అడిగితిని. "తాతయ్య హార్మోనియము కూడ అంతే గదా మాస్టరుగారూ, అనుకొన్నాను" అన్నది. నాకు మాట రాలేదు. తప్పు ఆమెది కాదు. ఒక్క మీటను చూడక వచ్చిన నాది.

ఈ యంకెల సంగతి కొంత వివరింపవలెను. 1983లో వాద్య యంత్రములన్నింటికి ఉమ్మడి భాషగా 'మిడి' అను పద్ధతి ఏర్పడినది. ఏ మెట్టు నొక్కితిమి, ఎంత వేగముతో నొక్కితిమి అను రెండు విషయములను కీబోర్డు ఈ భాషలో చెప్పును. వేగమునకు 1 మొదలు 127 వఱకు అంకెలు కలవు. మెట్టు క్రింద ఒకదాని తరువాత ఒకటి తాకు రెండు స్పర్శసాధనము లుండును. మొదటిదానికిని రెండవదానికిని నడుమ పట్టిన కాలమునుబట్టి వేగము తెలియును. మూడు స్పర్శసాధనములున్న కీబోర్డులో మెట్టు పూర్తిగా పైకి రాకమునుపే మరల నొక్కి పలికింపవచ్చును. నిజమైన పియానోలో ఈ సౌకర్యమును 1821లో సెబాస్టియన్ ఎరార్ కల్పించెను.

పియానో మెట్టును కదల్చుటకు సుమారు 50 గ్రాముల బరువు కావలెను. అది సుమారు 10 మిల్లీమీటర్లు దిగును. తేలిక కీబోర్డులలో మెట్టును పైకి లేపునది స్ప్రింగు, నొక్కినకొలది బరువెక్కును. సుత్తి బరువు గల కీబోర్డులో మొదట బరువుగా నుండి పిమ్మట తానై జారును. చిన్నవ్రేళ్లు ఏది అలవాటు చేసికొనునో అదియే వానికి ప్రకృతియగును. కావున కంప్యూటరు పియానోకు డబ్బు పెట్టుటకంటె కీబోర్డునకు పెట్టుట మేలని నా నిశ్చితాభిప్రాయము. ఉచితపు పియానోను సుత్తి బరువుగల 88 మెట్ల కీబోర్డుతో వాయించినవాడు, వెలగల పియానోను స్ప్రింగు కీబోర్డుతో వాయించినవానికంటె త్వరగా నేర్చును. కీబోర్డు పంపు అంకెకును, నాదమునకును గల సంబంధమును కంప్యూటరులో వక్రరేఖగా సవరింపవచ్చును. చిన్నపిల్లలకు దీనిని మఱీ సులభముగా పెట్టరాదు. పెట్టినచో మరల ఆ బాలిక గతియే.

మఱియొక చిక్కు ఆలస్యము. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపును. సెకనునకు 44,100 నమూనాల చొప్పున, మూటకు 256 నమూనాలైనచో ఆలస్యము సుమారు 6 మిల్లీసెకనులు; 1,024 ఐనచో 23. ధ్వని గాలిలో మీటరు దూరము పోవుటకు 3 మిల్లీసెకనులు పట్టును గనుక, 23 మిల్లీసెకనులనగా 8 మీటర్ల దూరమున నున్న పియానోను వాయించుచున్నట్లు. తీగ లేని బ్లూటూతు హెడ్‌ఫోనులతో ఆలస్యము సాధారణముగా 100 మిల్లీసెకనులు దాటును. వ్రేలు ఇచ్చట, పియానో వీథి చివర. పిల్లలు తాళము తప్పుచున్నారని కోపించుటకు ముందు దీనిని పరిశీలింపుడు. తీగగల హెడ్‌ఫోనులు చాలును.

పెడలును గూర్చి ఒక్కమాట. చవుక పెడలునకు త్రొక్కుట, విడుచుట అను రెండు స్థితులే యుండును. పియానోలో సగము త్రొక్కుటయు నొక విద్య. దానిని గుర్తించు పెడలును అడిగి తెచ్చుకొనుడు.

త్యాగరాజ కీర్తనలు దీనిపై వాయింపవచ్చునా యని కొందఱడిగిరి. స్వరములు పలుకును, గమకము పలుకదు. హార్మోనియమును ఆకాశవాణి 1940 మొదలు 1971 వఱకు బహిష్కరించుటకు ముఖ్యకారణము ఇదియే. పియానోను పియానోగా నేర్చుకొనుట మంచిది.

అంగడికి పోయినపుడు పిల్లను వెంట తీసికొనిపోయి ఈ పరీక్షలు చేయింపుడు. ఒకే మెట్టును మెల్లనిదానినుండి గట్టిదానివఱకు పదిమార్లు నొక్కించి, ధ్వనితోపాటు రంగు మారుచున్నదా వినుడు. అదే మెట్టును త్వరత్వరగా మరల మరల కొట్టించి చూడుడు. పిమ్మట ఒక మెట్టును శబ్దము రాకుండ మెల్లగా నొక్కి పట్టుకొని, దాని క్రింది స్థాయిలోని అదే స్వరమును ఒక్క దెబ్బ కొట్టి విడువవలెను. నిజమైన పియానోలో, పట్టుకొనిన తీగ కొట్టకయే సన్నగా పాడును. కంప్యూటరు పియానో ఆ పాట పాడినచో దానిని చేసినవారు శ్రమపడిరని తెలియును.

ఆ బాలికకు పాఠశాలలోని సుత్తి బరువు కీబోర్డుపై రోజును సాయంకాలము అరగంట సాధన ఏర్పాటు చేసితిమి. మొదటి నెల వ్రేళ్లు నొచ్చినవి. మఱుసటి యేట అదే పరీక్షకు పోయి ఉత్తీర్ణురాలైనది. ఆ కీబోర్డు ఇప్పటికిని మన సంగీతపు గదిలో, రెండు విధముల పియానోలు గల కంప్యూటరుతో సహా ఉన్నది. కొనదలచినవారు శనివారము మధ్యాహ్నము పిల్లలతో వచ్చి వాయింపించి చూచుకొనవచ్చును. తాళపుచెవి నాయొద్దనే యుండును.