ఏ రొట్టె కావాలి?

శుక్రవారం రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనక రెండు రోజుల పనుల చిట్టా రాసుకున్నాను. శనివారం పొద్దున మా ఆవిడ పొడుల ఆర్డర్లు, సాయంత్రం మా పదో తరగతి బ్యాచ్ కలయిక. ఆదివారం గురుపౌర్ణమి, వీధి చివర సాయి మందిరంలో అన్నదానానికి కూరగాయలు తరగాలి. అది కాగానే బస్సెక్కి నెల్లూరు, రొట్టెల పండుగకి. 2024 జులై 17న మొదలైన పండుగకి ఆదివారమే ఆఖరి రోజు. ఆషాఢం కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండు పెళ్ళిళ్ళు కూడా చిట్టాలో చేరేవి. అన్నిటికంటే కింద, మూలన, చిన్న అక్షరాల్లో 'ఇంటి సంగతి' అని రాశాను. పైవన్నీ పనులు. అదొక్కటే సంగతి.

ఆత్మకూరులో మాకు నాలుగున్నర సెంట్ల స్థలం ఉంది. అందులో ఇల్లు కడతానని నేను చెప్పడం మొదలుపెట్టి చాలా కాలమైంది. 2023 సంక్రాంతికి బ్యాచ్ అంతా కలిసినప్పుడు మైకు పట్టుకుని మరీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. గృహప్రవేశానికి చేపల పులుసా, వేటమాంసమా అని అక్కడే వాదన కూడా నడిచింది. ఆ రాత్రి ఇల్లు కట్టేసినంత హాయిగా నిద్రపోయాను. ఆ హాయే నా కొంప ముంచింది.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఫలానా వాణ్ణి కావాలన్న కోరిక ఉన్న విద్యార్థుల్లో, తమ సంకల్పాన్ని ఇంకొకరు గుర్తించినవాళ్ళు ఆ తర్వాత దానికోసం తక్కువ పాటుపడ్డారని అందులో తేలింది. పదిమంది 'శభాష్' అనేసరికి మనసుకి పని సగం అయిపోయినట్టు అనిపిస్తుందట. నాది ఇల్లే కావచ్చు, 'ఇల్లు కట్టినవాడు' అనే పేరు మాత్రం పునాది తీయకముందే వచ్చేసింది. ఇదే గోల్‌విట్జర్ అంతకు పదేళ్ళ ముందు, 1999లో రాసిన వ్యాసంలో ఇంకో మాట చెప్పాడు: 'చేస్తాను' అనుకోవడం కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తానో ముందే అనుకున్నవాడు పనిలోకి దిగే అవకాశం ఎక్కువ. ఇవి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది నెల్లూరులో రొట్టెల పండుగ జరిగే దర్గామిట్ట.

రొట్టెల పండుగ సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు ఉంది. మొహర్రం రోజుల్లో అన్ని మతాలవాళ్ళూ లక్షల్లో వచ్చి ఆ నీళ్ళలో దిగుతారు. కోరిక తీరినవాళ్ళు ఇంట్లో రొట్టెలు చేసుకొచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకి ఇస్తారు. తీసుకున్నవాళ్ళు అది తిని, కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. 'అంతా బాగుండాలి' అనే రొట్టె మాత్రం అక్కడ నాకెప్పుడూ కనపడలేదు. పేరు పెట్టి అడగాలి. అవతలివాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాబట్టి చప్పట్లు ఉండవు. చేతిలో పడేది రొట్టె, నెత్తిన పడేది బాకీ.

2023 జులై 29న మేమిద్దరం ఆ నీళ్ళలోకి దిగాం. మా ఆవిడ వ్యాపార రొట్టె అడిగింది. ఇచ్చినామె కావలి నుంచి వచ్చింది, ఊరికే ఇవ్వలేదు. "ఏం వ్యాపారం?" అంది. "పొడులు." "ఎంతతో మొదలుపెడతావు?" మా ఆవిడ కాసేపు నీళ్ళకేసి చూసి, "రెండు కేజీలు" అంది. అప్పటిదాకా ఆ లెక్క నాకూ తెలియదు, బహుశా తనకీ తెలియదు. మర్నాడే మిరపకాయలు, ధనియాలు తెప్పించింది. నేను ఇంటి రొట్టె తీసుకుని, తిని, గట్టు మీద ఫోటో దిగి వచ్చాను.

ఏడాది తిరిగాక, చిట్టాలోని శనివారం పొద్దున కరివేపాకు పొడి, నల్లకారం కలిపి ఏడు కేజీలు చేసి ప్యాకెట్లు కట్టాం. మినప్పప్పు వేపడం నా వంతు. పాత ఉదయగిరి చెక్క గరిటె చేతిలో ఉంది కాబట్టి చెయ్యి కాలలేదు, పప్పు మాత్రం ఒక వాయి మాడింది. సాయంత్రం కలయికలో వంకాయ బజ్జీ నోట్లో పెట్టుకోబోతుంటే ఒకడు, "ఏందిరా, ఇల్లు ఎందాకా వచ్చింది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఇసుక ధర మీదికి మాట మళ్ళించాను.

ఆదివారం తెల్లారి నాలుగింటికే మా ఆవిడ పిండి కలిపింది. గోరువెచ్చని నీళ్ళు, ఉప్పు, చెంచాడు నూనె; తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టింది. నేనూ నాలుగు ఒత్తాను. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. తను వాటిని తీసి పక్కన పెట్టి, "ఇవి మనం తిందాంలెండి. ఇచ్చేవి పచ్చిగా ఉండకూడదు" అంది. పదకొండు రొట్టెలు కాల్చి, పాత ధోవతి గుడ్డలో చుట్టింది. మందిరంలో సొరకాయలు, వంకాయలు తరిగి, పదింటికి బస్సెక్కాం.

చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళు, చుట్టూ కేకలు. మా ఆవిడ మొదటి రొట్టె టైలరింగ్ షాపు పెట్టాలనుకుంటున్న అమ్మాయికి ఇచ్చింది. ఇచ్చేముందు, "ఎన్ని మిషన్లమ్మా?" అని అడిగింది. కావలి ఆమె గొంతే విన్నట్టయింది నాకు.

నేను ఇంటి రొట్టె కోసం వెతికాను. ఒక పెద్దాయన దొరికాడు.

"స్థలం ఉందా అబ్బయా?"

"ఉందండీ."

"కొలిపించావా?"

"ఇంకా లేదు."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, రొట్టెని మధ్యకి తుంచి సగం నా చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సు బుచ్చిరెడ్డిపాలెం దాటాక జేబులోంచి చిట్టా తీశాను. 'ఇంటి సంగతి' కొట్టేసి, 'సోమవారం పదింటికి, సచివాలయం, సర్వేయర్' అని రాశాను. బస్సు ఊపుకి అక్షరాలు వంకర పోయాయి. పెద్దాయన మిగతా సగం ఎవరికిచ్చాడో చూడలేదు.