ముందు ఒడ్డున నిలబడి చూడు

చిరంజీవి చిట్టికి,



నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గొంతు వణుకుతుంటే చెప్పింది. జనవరిలో నువ్వు నలుగురు స్నేహితులతో కలిసి, వీపున సంచి తగిలించుకుని అండమాన్ వెళ్తున్నావట. బసలు కూడా ముందుగా మాట్లాడుకోలేదట. నేను వద్దంటానని మీ అమ్మ ఆశ. నేను వద్దనను తల్లీ. సొంత జీతంతో, సొంత కాళ్ల మీద నాలుగు ఊళ్లు చూస్తానంటే నాకు ఆనందమే. పైగా నువ్వు వెళ్లేది నేను కొత్త కాపురం పెట్టిన ఊరు.

నా భయమల్లా నీళ్లే. భీమిలి సముద్రం మనింట్లో మిగిల్చిన భయం నీకు తెలుసు, మళ్లీ రాయను. ఆ తరవాత మీ తాతయ్య ఏ సముద్రంలోనూ మోకాలి లోతు దాటలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే అమ్మమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితమైతే సంచిలో ఉంటుంది.

1979లో విశాఖలో ఓడెక్కాను. మీ అమ్మ ఒళ్లో నెలల పిల్ల. కంటికి ఒడ్డు ఆనకుండా మూడు రోజులు. మొదటి రోజంతా వాంతులు. రెండో రోజు ఎవరో ముసలాయన నిమ్మకాయ ఒకటి చేతిలో పెట్టి, "గదిలో పడుకోకమ్మా, పైకొచ్చి ఆకాశం అంచు చూస్తూ కూర్చో" అన్నాడు. కూర్చున్నాక కడుపు కుదుటపడింది. మీరు విమానంలో పోతున్నా, పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి పడవ ఎక్కక తప్పదు. నిమ్మకాయ పెట్టుకో. ఆ పేర్లు ఇప్పుడు మారాయి. 2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం అన్నారు. నా నోటికి మాత్రం పాత పేర్లే వస్తాయి.

మేం జంగ్లీఘాట్ దగ్గర ఉండేవాళ్లం. అక్కడ మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల కుటుంబాలు ఉండేవి. పక్కింటి అక్కది భావనపాడు. ఒక ఆదివారం అందరం వండూరు తీరానికి వెళ్లాం. నేను పిల్లని మీ తాతయ్యకిచ్చి కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి పోబోతుంటే అక్క నా రెక్క పట్టుకుని ఆపింది. "అన్నం ఉడికినంతసేపు ముందు నిలబడి చూడమ్మా" అంది.

నిలబడ్డాం. ఎడమ పక్క కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. కుడి పక్కా విరుగుతున్నాయి. మధ్యలో బండి వెడల్పున ఒక దారి, నురగ లేకుండా, కొంచెం నలుపు తిరిగి, నూనె పోసినట్టు నున్నగా ఉంది. నేను దిగబోయింది సరిగ్గా అక్కడే. కెరటాలు లేవు కదా, అక్కడే భయం లేదనుకున్నాను. అక్క ఒక ఎండు కొబ్బరి డొక్క తీసి ఆ నున్నటి నీళ్లలోకి విసిరింది. అది ఒడ్డుకు రాలేదు. ఎవరో తాడు కట్టి లాగినట్టు లోపలికి లోపలికి పోయి, మేం చూస్తుండగానే చుక్కంత అయిపోయింది. ఆ డొక్క ఇవాళ్టికీ నా కళ్లలో తేలుతూనే ఉంటుంది చిట్టీ.

దాన్నే ఇప్పుడు రిప్ కరెంట్ అంటున్నారు. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోవడానికి చేసుకునే దారి అది. అది జోరు మీదుంటే ఒలింపిక్స్‌లో ఈదేవాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు. అందుకని గుర్తుపెట్టుకో. లాగితే ఒడ్డు వైపు ఈదకు. వెల్లకిలా తేలు, చెయ్యి పైకెత్తు, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదు. ఆ దారి వెడల్పు తక్కువ. దాన్ని దాటితే కెరటాలే నిన్ను వెనక్కి తెస్తాయి. మనుషుల్ని ముంచేది నీటి లాగుడు కన్నా కంగారూ అలసటే. స్నేహితులకి కూడా చదివి వినిపించు. ఒకడు కొట్టుకుపోతుంటే ఇంకొకడు దూకడం, ఇద్దరూ పోవడం మన విశాఖ ఆర్కే బీచ్‌లో ఎన్నిసార్లు విన్నాం. దూకకండి. తేలే వస్తువేదైనా విసరండి, కేకేసి లైఫ్‌గార్డుని పిలవండి.

అన్నం సరిగ్గా తింటున్నావా? మొన్న పంపిన ఫోటోలో మెడ ఎముకలు కనబడ్డాయి. ఆవకాయ చిన్న సీసాలో పెట్టి పంపిస్తున్నాను. మూతకి గుడ్డ కట్టాను, సంచిలో కారదు.

ఆటుపోట్ల సంగతి కూడా చెప్పాలి. నీల్‌లో రాతి వంతెన ఒకటుంది. ఆటు ఉన్నప్పుడే దాని దగ్గరికి నడవగలరు. నీళ్లు వెళ్లిపోయాక రాళ్ల గుంటల్లో రంగురంగుల చేపపిల్లలు, పగడాలు కనబడతాయి, చూస్తూ కాలం మరిచిపోతాం. ఆరు గంటల్లో పోటు నిండుగా తిరిగొస్తుంది. ముందు చీలమండ, తరవాత మోకాలు. ఈ రోజు ఆటు ఎన్నింటికో, రేపు అంతకన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకి, పౌర్ణమికి పోటు మరీ ఎక్కువ. ఫోన్‌లో పంచాంగం ఉంటుంది కదా, తిథి చూసుకో. మీ హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది. కెరటాల హెచ్చరికలు అక్కడి నుంచే వస్తాయి. బయల్దేరే రోజు పొద్దున్నే చూడు.

ఇంకొకటి. అక్కడ పొద్దు మన కన్నా ముందే వాలిపోతుంది. జనవరిలో ఐదు దాటిన కాసేపటికే సూర్యుడు దిగుతాడు. హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరంలో అస్తమయం చూస్తూ ఒడ్డున కూర్చో, ఎంతసేపైనా కూర్చో. చీకట్లో మాత్రం నీళ్లు ముట్టకు. మొసలి బోర్డు ఉన్నచోట పగలైనా దిగకు. 2010లో హావ్‌లాక్‌లోనే ఒక అమెరికా పిల్లని మొసలి పొట్టన పెట్టుకుంది. నువ్వు తాగుతావో లేదో నేను అడగను. తాగిన రోజు నీళ్ల దగ్గరికి వెళ్లకు, అంతే.

గవ్వలు, పగడం ముక్కలు ఏరి తేవద్దు. చట్టం ఒప్పుకోదు, సముద్రం సొమ్ము మనకొద్దు. జారవా తెగవాళ్లు ఉండే అడవి దారిలో వెళ్తే కెమెరా బయటికి తియ్యకు, వాళ్లు మనుషులు, చూడ్డానికి పెట్టిన బొమ్మలు కారు. సెల్యులార్ జైలుకి తప్పకుండా వెళ్లు. ఒక గదిలోకి ఒక్కదానివే వెళ్లి రెండు నిమిషాలు నిలబడు.

జంగ్లీఘాట్‌లో ఆ అక్క ఇల్లు ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. వెళ్తే, అక్కడ తెలుగు మాట వినబడితే ఆగి పలకరించు. "ఈ రోజు నీళ్లు ఎలా ఉన్నాయి?" అని అడుగు. రోజూ వల వేసే మనిషి చెప్పిన మాటకి తిరుగు లేదు. దిగొద్దంటే దిగొద్దు, టికెట్టుకి ఎంత పోసినా సరే.

నిన్ను ఎత్తుకుని నేను భీమిలి ఒడ్డున ఎన్నడూ నడవలేదు. ఆ లోటు నాకుంది. నువ్వు క్షేమంగా తిరిగొచ్చాక ఇద్దరం వెళ్దాం. నా చెయ్యి పట్టుకో, నిలబడి చూద్దాం.

ఏ తీరానికి వెళ్లినా, ఎంత అందంగా ఉన్నా, అన్నం ఉడికినంతసేపు ముందు నిలబడి చూడు తల్లీ. నా కోసం.

ఇట్లు,
అమ్మమ్మ